రాజపాకానికి ఒక్క గిన్నె

ఒకానొక రాజ్యంలో కొలువు చేసేవాళ్ళకు జీతం బాగుండేది, గౌరవం బాగుండేది. ఉన్న కష్టమల్లా రాజుగారి వంటకం ఒక్కటే.

ఆ రాజ్యం కుముదవరం. రాజు ప్రచండవర్మ. ఏడేళ్ళ కిందట ఆయన వేటకు వెళ్ళినప్పుడు వంటవాడు జ్వరంతో పడుకుంటే, తానే గరిట పట్టి ఒక వంటకం కనిపెట్టాడు. కాకరకాయ ముక్కల్ని పనసపండు గుజ్జులో ఉడికించి, పైన ఇంగువా పచ్చకర్పూరమూ దట్టంగా వేశాడు. దానికి రాజపాకమని పేరు పెట్టాడు. అప్పటినుంచి కోటలో ఏ విందు జరిగినా ప్రతి విస్తట్లోనూ అది పడాల్సిందే. తిన్నవాళ్ళు లేచి అమృతం అనేవారు. రాజు మీసం దువ్వుకునేవాడు.

కోటకు నాలుగు వీధుల అవతల పేరిందేవమ్మ పూటకూళ్ళ ఇల్లు ఉంది. ఆవిడ మనిషి పొట్టి, మాట అంతకంటే పొట్టి. ఇరవయ్యేళ్ళుగా ఆ ఇంట్లో అన్నం చాలక ఎవరూ తిరిగిపోలేదు. మర్నాటికి కుండలో చద్దన్నం మిగిలిందీ లేదు.

దాని కిటుకు వంటింట్లో లేదు, పెరట్లో ఉంది. భోంచేసినవాళ్ళు విస్తరి మడిచి లేవడం మన అలవాటు. మడిచాక లోపల ఏం మిగిలిందో దేవుడికే తెలియాలి. పేరిందేవమ్మ ఆ పని దేవుడికి వదల్లేదు. ఆవులు రాకముందే పెరట్లో పీట వేసుకుని, మడిచిన విస్తళ్ళను పుల్లతో ఒక్కొక్కటీ విప్పి చూసేది. "వంకాయ కూర దివ్యంగా ఉందమ్మా" అని తాంబూలం నములుతూ వెళ్ళిన పెద్దమనిషి విస్తట్లో వంకాయ వేసింది వేసినట్టే ఉండేది. మర్నాడు ఆవిడ వంకాయలు సగమే తెప్పించేది.

వంటింటి గోడ నిండా బొగ్గుగీతలు. సంతరోజున ఎంతమంది వస్తారు, ముసురు పట్టిన రోజున ఎంతమంది వస్తారు, అన్నీ గీతలే. తగవుల తీర్పులు చెప్పే రోజుకు వేరే వరస. ఓడినవాడు తినడు, గెలిచినవాడు మూడుసార్లు పెట్టించుకుంటాడు.

ఆ గోడమీద ఇంకొక వరస కూడా ఉంది. కోటలో మధ్యాహ్నం విందు జరిగితే, ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి నలభైమంది ఎక్కువ వస్తారు. అంతా పట్టు ఉత్తరీయాలవాళ్ళే. మజ్జిగన్నం, మాగాయ టెంక అడుగుతారు. ఎక్కడినుంచి వస్తున్నారో చెప్పరు, ఆవిడ అడగదు. ఆ రోజుల్లో ఎసట్లో రెండు కుంచాల బియ్యం ఎక్కువ పోస్తుంది, అంతే.

ఈ సంగతి మంత్రి త్రిపురాంతకుడి చెవిన పడింది. రాజపాకాన్ని అందరికంటే గట్టిగా మెచ్చుకునేది ఆయనే. అలా మెచ్చుకునే మంత్రి అయ్యాడని గిట్టనివాళ్ళు అనేవారు. ఆయన వెళ్ళి రాజు చెవిన వేశాడు. మర్నాడు భటులు పేరిందేవమ్మను కొలువుకు తీసుకొచ్చారు.

"నా విందు తిన్నవాళ్ళు మళ్ళీ నీ ఇంటికి వచ్చి తింటున్నారట. అన్నంలో ఏం మందు కలుపుతున్నావు?" అన్నాడు రాజు.

"ఉప్పు, మహాప్రభూ."

కొలువులో ఇద్దరు ముగ్గురికి దగ్గు వచ్చింది.

"అంటే కోట భోజనంలో ఉప్పు లేదంటావా? ప్రభువుల చేతి వంటకానికి వంక పెడుతున్నావా?" అని మంత్రి అందుకున్నాడు.

"నేను దేనికీ వంక పెట్టలేదయ్యా. వచ్చినవాళ్ళకు అన్నం పెట్టాను."

రాజుకు ఆ జవాబు రుచించలేదు. "అంత చేతనైనదానివైతే వచ్చే పౌర్ణమి విందు నువ్వే వండు. రెండువందల మంది వస్తారు. రాజపాకం కూడా ఉండాలి. అడిగినవాడికి ఏదీ లేదనకూడదు. పంక్తి లేచేసరికి ఏ గిన్నెలోనూ మిగలకూడదు. గరిటెడు తగ్గినా, గరిటెడు మిగిలినా నీ ఇంటికి తాళం పడుతుంది. నువ్వు ఊరు విడిచి పోవాలి" అన్నాడు.

ఇల్లు పోతే పేరిందేవమ్మకు మిగిలేవి రెండు చేతులు. ఇంకో ఊళ్ళో పొయ్యి రాజేసుకోవచ్చు. గోడమీది గీతల్ని మాత్రం మూట కట్టుకుపోలేదు.

"అలాగే ప్రభూ. వడ్డన వరస నాది. వడ్డించేముందు అడిగే మాట కూడా నాదే" అంది.

"ఏమైనా అడుగుకో."

"అన్నీ సరిపోతే?"

"కోరింది ఇస్తాను."

పౌర్ణమికి ఇంకా అయిదు రోజులుంది. ఆ అయిదు రోజులూ పేరిందేవమ్మ కొలువువాళ్ళ ఇళ్ళ చుట్టూ తిరిగింది. అయ్యగార్లను ఒక్కమాట అడగలేదు. పెరటి గుమ్మంలోంచి వెళ్ళి అమ్మగార్లను అడిగింది.

"కోట విందునుంచి రాగానే మీవారు ఏమడుగుతారమ్మా?"

"చారుంటే పొయ్యమంటారు" అంది సేనాపతి భార్య.

"రాజపాకం ఎలా ఉంటుందని చెప్తారు?"

"ఆ మాట ఇంట్లో ఎత్తరు వదినా. పిల్లలు జడుసుకుంటారని."

పౌర్ణమి వచ్చింది. పంక్తి వేయబోయే ముందు మంత్రి వంటశాల చూడటానికి వెళ్ళాడు. గుండిగల్లో పప్పు, గుమ్మడికాయ పులుసు, చారు పొగలు కక్కుతున్నాయి. రాజపాకం ఎక్కడా అని వెతికితే మూల పీటమీద చిన్న ఇత్తడి గిన్నె కనిపించింది. మూడు దోసిళ్ళు పడుతుందేమో. మంత్రి ముఖం వికసించింది. పరుగున వెళ్ళి రాజును వెంటబెట్టుకొచ్చాడు.

"రెండువందల మందికి ఈ గిన్నెడేనా?" అన్నాడు రాజు.

"సరిపోతుంది ప్రభూ. మిగులుతుందేమోనని నా భయం."

"మిగులుతుందా!" అని మంత్రి నవ్వాడు. "తాళం కప్ప తెప్పించి ఉంచమంటారా, ప్రభూ?"

"పంక్తి లేవనీ" అన్నాడు రాజు.

అందరూ బారులు తీరి కూర్చున్నారు. రాజు పంక్తి మొదట్లో ఎత్తు పీటమీద కూర్చున్నాడు. అన్నీ వడ్డన అయ్యాక పేరిందేవమ్మ ఇత్తడి గిన్నె తీసుకుని పంక్తి చివరినుంచి మొదలుపెట్టింది. మొదటి విస్తరి సేనాపతిది. వేళకు రాలేక ఆయన చివర కూర్చున్నాడు.

"అయ్యా, రాజపాకం కొంచెమే ఉంది. మహారాజుగారికి ప్రాణం. తమరు వద్దంటే తమ వంతు ఆయన విస్తట్లోకి వెళ్తుంది. వడ్డించమంటారా?"

సేనాపతి రెండు చేతులూ విస్తరిమీద కప్పాడు. "వద్దమ్మా, వద్దు. ప్రభువుల కోసం తల ఇస్తానన్నవాణ్ణి. ఇదొక లెక్కా?"

పక్కన జ్యోతిష్కుడు ఆవిడ అడగక ముందే, "నా వంతూ ప్రభువులకే" అన్నాడు. పురోహితుడికి త్యాగం మీద శ్లోకం గుర్తొచ్చింది. గిన్నె వరసలు దాటుతూ పోయింది. ఏడేళ్ళలో ఆ పంక్తిలో అంత రాజభక్తి ఎవరూ చూడలేదు.

మంత్రికి అప్పుడు సంగతి అర్థమైంది. ఈ గిన్నె రాజు దగ్గరికి చేరేలోగా తాను ఖాళీ చేయించి, లేదనిపించకపోతే పేరిందేవమ్మ గెలుస్తుంది.

"నాకు వడ్డించు. నిండుగా వెయ్యి" అన్నాడు.

ఆవిడ ఒక గరిటె వేసి అక్కడే నిలబడింది.

"ఇంకా నిలబడ్డావేం?"

"తమరు తింటే మారు వడ్డించి వెళ్తానయ్యా. ప్రభువులు కూడా చూస్తున్నారు."

రాజు నిజంగానే చూస్తున్నాడు. మంత్రి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్ద పెట్టుకున్నాడు. నుదుట చెమట పట్టింది. మూడో ముద్దతో గరిటెడూ అయిపోయింది.

"మారు వడ్డించమంటారా?"

మంత్రి చెయ్యి అడ్డంగా ఊపాడు.

చివరికి గిన్నె రాజు దగ్గరికి వచ్చింది. "ప్రభూ, తమ కొలువువాళ్ళు తమకోసం వాళ్ళ వంతు వదులుకున్నారు" అని పేరిందేవమ్మ గిన్నె మొత్తం విస్తట్లో వంచి, అడుగు గరిటెతో గీకి మరీ వేసింది.

రాజు ఛాతీ పొంగింది. ఇన్నేళ్ళూ పంక్తిలో వాళ్ళ ముఖాలు చూడటంలోనే ఆయనకు పొద్దు సరిపోయేది. రాజపాకం వేలికొసన అంటించుకుని నాలికకు రాసుకోవడమే తప్ప, కడుపునిండా తిన్నది లేదు. ఈసారి పెద్ద ముద్ద పెట్టుకున్నాడు.

కాసేపు నమిలాడు. రెండో ముద్ద చిన్నది చేశాడు. మూడోది చేతిలోనే ఆగింది. తలెత్తి చూస్తే రెండువందల మంది చారన్నం కలుపుకోవడం ఆపి ఆయన్నే చూస్తున్నారు.

"పేరిందేవమ్మా, ఇదంతా నేను తినాలా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"తమరు పెట్టిన షరతు గిన్నెలో మిగలకూడదనే ప్రభూ. గిన్నెలో మిగల్లేదు. విస్తరి సంగతి తమరు చెప్పలేదు."

"అయితే దీన్నేం చెయ్యను?"

"విస్తరి మడవండి ప్రభూ. ఏడేళ్ళుగా ఇక్కడ అందరూ చేసేది అదే."

రాజు విస్తరి వంక చూశాడు, పంక్తి వంక చూశాడు. నెమ్మదిగా విస్తరి మడిచాడు. మడిచి, దానిమీద చెయ్యి పెట్టి, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వాక మిగతావాళ్ళూ నవ్వారు. మంత్రి అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

"నాతో ఒక్కడూ చెప్పలేదేం?" అన్నాడు రాజు.

"తమరు నోటిని అడిగారు ప్రభూ. నేను విస్తరిని అడుగుతాను."

పంక్తి లేచాక వంటశాలలో గుండిగలన్నీ ఖాళీగా ఉండటం చూసి, రాజు చేతి కంకణం తీసి ఇచ్చాడు. "ఇది నేనిచ్చేది. నువ్వు కోరేది ఇంకా ఉంది. చెప్పు" అన్నాడు.

"కోటలో విందు ఉన్న రోజున ఏం వండుతున్నారో పొద్దున్నే నాకు కబురు పంపించండి ప్రభూ. సాయంత్రానికి ఎసట్లో ఎంత పొయ్యాలో నాకు తెలియాలి."

రాజు మళ్ళీ నవ్వి, అలాగే అన్నాడు.

మరుసటి విందు రోజు పొద్దున్నే కబురు వచ్చింది. పప్పు, పులుసు, చారు, రెండు కూరలు. ఇంకేమీ లేవు. ఆ సాయంత్రం పట్టు ఉత్తరీయాలవాళ్ళు ఒక్కరూ రాలేదు. పేరిందేవమ్మ రెండు కుంచాలు తగ్గించే పోసింది.