కొంగరెక్క పువ్వూ, తుంగ కోసే నూకాలూ

వినండి పిల్లలూ! వెనకటికి, మబ్బులు కొండల మీదే మకాం పెట్టే చోట, మణిగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. జయకేతుడనే రాజు దాన్ని ఏలుతుండేవాడు. మంచివాడే. కానీ కంటికి నచ్చినదల్లా తన కోటలో ఉండాలనుకునేవాడు.

ఆ రాజ్యపు శివార్లలో, రెండు కొండల నడుమ ఒక చిత్తడి నేల ఉంది. కొండ అడుగు నుంచి ఊటనీరు ఏడాది పొడవునా సన్నగా జారుతూ ఉండేది. అడుగు వేస్తే కాలు చీలమండ దాకా దిగబడేది. శ్రావణ మాసం రాగానే అక్కడ గడ్డి మధ్య తెల్లటి పువ్వులు విచ్చుకునేవి. ఒక్కో పువ్వు రెక్కలు చాపిన కొంగపిల్లలా ఉండేది. అందుకని జనం దాన్ని కొంగరెక్క పువ్వు అనేవారు. ఇప్పుడు మనం ఆర్కిడ్ అంటున్నామే, ఆ జాతిదే. మణిగిరిలో మరెక్కడా ఆ పువ్వు పూసేది కాదు.

ఒకనాడు రాజు పల్లకిలో అటుగా పోతూ ఆ తెలుపును చూశాడు.

"ఇంత అందం బురదలో ఉండటమేమిటి? కోటకు తెండి!" అన్నాడు.

తోటల పెద్ద రంగదాసు నలభై మొక్కలు తవ్వించాడు. బంగారు పూత కుండీల్లో నాటి, జల్లెడ పట్టిన మెత్తటి మన్ను పోసి, పన్నీరు చిలకరించాడు. ఎనిమిదో రోజుకు నలభై మొక్కలూ వాడిపోయాయి.

"మన్ను పడలేదు ప్రభూ!" అన్నాడు రంగదాసు. ఈసారి బురదతో సహా అరవై మొక్కలు బండ్ల మీద తెప్పించి, కోటలో కొలను కట్టించి నాటించాడు. నెల రోజులు ఆకులు పచ్చగానే ఉన్నాయి. తర్వాత దుంపలు కుళ్లిపోయాయి.

ఉన్న పువ్వులూ పోతాయేమోనని రాజుకు భయం పట్టుకుంది. "ఇక ఒక్కటీ తవ్వొద్దు. ఆ చోటు చుట్టూ గోడ కట్టండి. గేదె గిట్ట గానీ, మనిషి కొడవలి గానీ లోపలికి పోకూడదు" అని ఆజ్ఞ ఇచ్చాడు.

గోడ లేచింది. కావలివాళ్లు నిలబడ్డారు.

ఆ చిత్తడి నేలలో తుంగ కోసుకుని, చాపలల్లి బతికే నూకాలు అనే ఆమె ఉండేది. ఆమె తల్లీ అక్కడే కోసింది, అమ్మమ్మా అక్కడే కోసింది. గోడ దగ్గర కావలివాడు ఆమెను ఆపేశాడు.

"నేను తుంగే కోసుకుంటాను నాయనా, పువ్వు జోలికి పోను" అంది నూకాలు.

"రాజాజ్ఞ అమ్మా. నేనేం చేయను?" అన్నాడతను.

ఆనాటి నుంచి ఆమె పొద్దున్నే లేచి, రెండు క్రోసుల దూరం నడిచి, వేరే ఊరి వాగులో నాసిరకం తుంగ తెచ్చుకునేది. అరిగిపోయిన కాళ్లతో ఇల్లు చేరేది.

రెండేళ్లు గడిచాయి. రాజు ముచ్చటపడి పువ్వులు చూడబోయాడు. గోడ లోపల తుంగా, జమ్ముగడ్డీ మనిషెత్తున పెరిగి ఉన్నాయి. ఎండ నేలను తాకడం లేదు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా భటులు వెతికితే ఏడంటే ఏడు మొక్కలు దొరికాయి. అవీ పాలిపోయి ఉన్నాయి.

"ఎవరిదీ పాపం?" అని రాజు అడిగాడు.

రంగదాసు ఉద్యోగం పోతుందన్న భయంతో, "తుంగ కోసేవాళ్లే గోడ దూకి దొంగిలించి ఉంటారు ప్రభూ!" అనేశాడు.

నూకాలును సభకు తెచ్చారు. ఆమె తల వంచలేదు.

"నేను దొంగిలించలేదు మహారాజా. నిజం చెప్పమంటారా?"

"చెప్పు."

"ఆ పువ్వు గింజ పిండి కన్నా సన్నం. దానికి సొంత తిండి ఉండదు. ఆ బురదలో ఉండే బూజే దానికి తల్లిలా తిండి పెడుతుంది. మీ కుండీలో ఆ బూజు లేదు. మీ కొలనులో నీళ్లు నిలిచిపోతాయి, దానికేమో జారే నీళ్లు కావాలి. ఇక గోడ సంగతి. మేము గింజ రాలాక తుంగ కోసేవాళ్లం, దానికి ఎండ తగిలేది. గేదెలు తొక్కిన చోట గింజ నాటుకునేది. మమ్మల్ని ఆపేశారు. తుంగ దాన్ని మింగేసింది."

రాజు ముఖం ఎర్రబడింది. కానీ అతను కోపాన్ని దిగమింగుకున్నాడు.

"నువ్వు కాపాడగలవా?"

"గోడ పడగొట్టించండి. మూడేళ్లు గడువివ్వండి. పూయకపోతే మా వాళ్లతో సహా ఈ రాజ్యం విడిచి పోతాను."

గోడ పడింది. కార్తికంలో గింజ రాలాక నూకాలు తన వాళ్లతో తుంగ కోసింది. ఊళ్లోవాళ్లు గేదెలను తోలుకొచ్చారు. మొదటి శ్రావణంలో ఆ ఏడు మొక్కలే పూశాయి. జనం పెదవి విరిచారు. నూకాలు మాత్రం మళ్లీ కార్తికం దాకా ఆగింది, మళ్లీ కోసింది.

రెండో శ్రావణంలో పువ్వులు తొమ్మిది. చుట్టూ మాత్రం చిటికెన వేలంత ఆకులు నేలంతా మొలిచాయి. రాజు మర్నాడు వస్తాడనగా రంగదాసు ఒక బుట్టతో వచ్చాడు. బుట్ట నిండా పట్టుగుడ్డతో కుట్టిన తెల్ల పువ్వులు.

"నూకాలూ, నా మాట విను. ఇవి గడ్డిలో గుచ్చేద్దాం. ఆయన దూరం నుంచే చూసి పోతాడు. నీకూ ముప్పు తప్పుతుంది, నా ఉద్యోగమూ నిలుస్తుంది."

"నాకు ముప్పు వచ్చినా సరే అయ్యా. నేను అబద్ధం చెబితే రేపు నా నిజాన్ని ఎవరు నమ్ముతారు?" అంది నూకాలు. మర్నాడు రాజుతో, "పువ్వులు తొమ్మిదే ప్రభూ. ఆకులు మాత్రం చూడండి" అని ఉన్నదున్నట్టు చెప్పింది.

రాజు వంగి, ఒక ఆకును వేలితో తాకి చూసి వెళ్లిపోయాడు.

మూడో శ్రావణం వచ్చింది. వాన వెలిసిన ఉదయం, కొండ వాలు దిగుతున్న రాజు ఉన్నచోటే ఆగిపోయాడు. చిత్తడి నేలంతా కొంగల గుంపు వాలినట్టు తెల్లగా ఉంది! రాజు చెప్పులు విడిచి చీలమండ దాకా బురదలోకి దిగాడు. లెక్కపెట్టబోయి, మూడు వందలు దాటాక నవ్వుతూ మానేశాడు.

రంగదాసు ముందుకొచ్చి, కన్నీళ్లతో తన అబద్ధాన్ని ఒప్పుకున్నాడు.

"ఇతన్ని ఏం చేయమంటావు?" అని రాజు నూకాలును అడిగాడు.

"ఆయనకు మొక్కలంటే ప్రాణం ప్రభూ. భయమే ఆయన చేత అలా అనిపించింది. ఏడాది పాటు మాతో తుంగ కోయనివ్వండి, ఈ నేల సంగతి తెలుస్తుంది."

రాజు అలాగే చేశాడు. ఆ నేలను ఎవరూ ఎండగట్టకూడదనీ, అక్కడ తుంగ కోసే హక్కు నూకాలు వాళ్లదేననీ శాసనం వేయించాడు. పువ్వు మళ్లీ కోటకు రాలేదు. ఏటా శ్రావణంలో రాజే రాణితో కలిసి, కాలినడకన పువ్వు దగ్గరకు వచ్చేవాడు.

నీతి: ప్రాణమున్న దాన్ని కాపాడాలంటే, అది బతికే చోటునూ, ఆ చోటు తెలిసిన మనుషులనూ కాపాడాలి.