బంతిని నాకిన ఎలుగుబంటి

అనగా అనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక కళాశాల. అడవిలో కళాశాలేమిటని అడిగారో, కథ ఇక్కడే ఆగిపోతుంది!

ఆ కళాశాలకు ఒక బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. పులులు, చిరుతలు ఆడినన్నాళ్లూ దానికి ఎదురు లేదు. అవి చదువు ముగించి, పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయాయి. మిగిలినవి కోతి, జింక, కుందేలు, కొంగ, ఎలుగుబంటి. ఆ ఏడాది అవి ఓడని ఆట లేదు. పాత గురువు ఏనుగు తొండం ముడుచుకుని ఇంటిదారి పట్టాడు.

సింహరాజుకు కోపం వచ్చింది. "వచ్చే ఏడాది మూడు పందేలున్నాయి. ఒక్కటైనా గెలవకపోతే జట్టు రద్దు. ఆ మైదానం దున్నపోతులకు బురదగుంట చేయిస్తాను" అన్నాడు.

కొత్త గురువుగా పుల్లమ్మ అనే కోడిపెట్ట వచ్చింది. జట్టంతా కిసుక్కున నవ్వింది. ఎలుగుబంటి బొంతయ్య మాత్రం నవ్వలేదు. నక్కలున్న అడవిలో ఇన్నేళ్లు బతికిన కోడంటే మాటలా అనుకున్నాడు. పాపం, వాడికి ఆ ఆటంటే ప్రాణం. జట్టు లేకపోతే వాడితో మాట్లాడే దిక్కే లేదు.

మొదటి పందెం నక్కల కళాశాలతో. బంతి బొంతయ్య చేతికి రాగానే, మిగతా నలుగురూ నాలుగు వైపుల నుంచి "నాకు! నాకు!" అని అరిచారు. బొంతయ్య బంతిని శ్రద్ధగా నాకాడు. ఇటు తిప్పి ఒకసారి, అటు తిప్పి ఒకసారి. ఎంగిలి బంతి ఎవరి చేతిలోనూ నిలవక, జారి జారి నక్కల పాలైంది. జట్టు ఓడింది.

"వీణ్ణి తీసేయండి గురువమ్మా!" అని కోతి చెంగల్రాయుడు చిందులు తొక్కాడు.

"నువ్వు నాకమన్నావు, వాడు నాకాడు. చెప్పిన మాట విన్నది జట్టులో వాడొక్కడే! వాణ్ణెలా తీసేది?" అంది పుల్లమ్మ. "గింజ కనిపిస్తే నేను పిల్లల్ని పిలుస్తానురా. నాకే అని మింగేస్తే అవి బతికేవా? ఇక మీ నోట ఆ మాట వినపడకూడదు. బంతి ఉన్నవాడే 'నీకు' అని పక్కవాడికి అందించాలి."

రెండో పందెం తోడేళ్లతో. "నీకు" అంది కొంగ. "అబ్బే, నీకు" అంది జింక. "పెద్దవాడివి, నీకే" అంది కుందేలు, బొంతయ్యకు దణ్ణం పెట్టి. బంతి తిరుగుతూనే ఉంది, బుట్టలో వేసే నాథుడు లేడు. మళ్లీ ఓటమే.

పుల్లమ్మ నెత్తి కొట్టుకుంది. "బుట్ట దగ్గరున్నవాడికి ఇవ్వండిరా, వాడు వేస్తాడు! వియ్యాలవారి మర్యాదలు ఎవరు చెయ్యమన్నారు?"

మూడో పందెం మళ్లీ నక్కలతోనే. దున్నపోతులు అప్పుడే వచ్చి మైదానం అంచున కూర్చున్నాయి. ఆట చివరికొచ్చింది. ఒక్కసారి బంతి బుట్టలో పడితే గెలుపు. బంతి చెంగల్రాయుడి చేతిలో ఉంది. తనే ఎగిరి వేసి వీరుడనిపించుకోవాలని వాడికి ఒళ్లంతా ఒకటే దురద. కానీ బుట్ట కింద ఉన్నది బొంతయ్య. చెంగల్రాయుడు మనసు గట్టి చేసుకుని, "నీకురా బొంతయ్యా!" అని విసిరాడు.

నక్కలు ఊరుకుంటాయా? బొంతయ్య చుట్టూ మూగి "నాకు! నాకు!" అని కూశాయి. బొంతయ్య నాలుక బయటికొచ్చింది. పుల్లమ్మ రెక్కలతో కళ్లు మూసుకుంది.

"ఆట అయ్యాక నాకుతాలే" అని బొంతయ్య నాలుక లోపలికి లాక్కుని, బంతిని బుట్టలో వేశాడు.

గెలిచారు! దున్నపోతులు నిట్టూర్చి లేచి వెళ్లిపోయాయి. చెంగల్రాయుడు బొంతయ్య మెడకు వేలాడి సంతోషంతో ఏడ్చేశాడు. సింహరాజు పూలదండ తెచ్చి "ఇది ఎవరికి?" అని అడిగితే, ఐదుగురూ ఒకరినొకరు చూపించుకున్నారు. ఆఖరికి పుల్లమ్మ మెడలో వేస్తే, ఆవిడ దండలో మునిగిపోయి ముక్కు మాత్రం మిగిలింది.

కాబట్టి పిల్లలూ, అందరూ 'నాకు' అన్నచోట మిగిలేది ఎంగిలి. 'నీకు' అన్నచోట గెలుపు అందరిదీ.