జోడువంత

ఇది ఏకాహం నాటి మధ్యాహ్నం జరిగిందనే నా నమ్మకం. కాని నా జ్ఞాపకం మీద నాకే అంత గురి లేదు. ఆ రోజు సన్నగా వాన పడిందని నేనంటాను; నాతోపాటు అక్కడే ఉన్న మరొక శిష్యుడు ఎండ మాడ్చేసిందంటాడు. గురువుగారన్న మాటలు మటుకు ఇద్దరికీ ఒకే తీరున గుర్తున్నాయి. వాటిని పట్టుకొని మిగిలినది కూర్చుకుంటున్నాను.

మా గురువు కూర్మయ్య గారు వంశధార ఒడ్డున ఒక చిన్న భజన మందిరం నడిపేవారు. ప్రశ్నకు వెంటనే బదులివ్వడం ఆయనకు అలవాటు లేదు. అడిగినవారికి ముందు ఏదో ఒక పని అప్పగించేవారు. చాలామందికి ఆ పనిలోనే ప్రశ్న కరిగిపోయేది. కరగనివారు మళ్ళీ వచ్చేవారు.

తవిటమ్మ మళ్ళీ మళ్ళీ వచ్చిన మనిషి. ఆమె తమ్ముడు గవర్రాజు పుట్టుకతోనే నడవలేడు, మాట్లాడలేడు. తల్లి పోయాక అతని స్నానం, తిండి, రాత్రి పక్క మార్చడం అన్నీ ఆమెవే అయ్యాయి. ఎదిగిన మగవాణ్ణి ఎత్తి ఎత్తి ఆమె నడుము ఒక పక్కకు ఒరిగింది. ఇలాంటివారిని కొద్ది రోజులు తమ దగ్గర ఉంచుకొని, ఇంటివారికి ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చే ఇల్లు ఒకటి పట్నంలో ఉంది. సేదయిల్లని పిలుస్తారు. ఇరుగుపొరుగు పోరగా పోరగా ఒకసారి తమ్ముణ్ణి అక్కడికి తీసుకువెళ్ళింది. తను వెళ్ళడం చూస్తే ఏడుస్తాడని, అతని మొహం అటు తిరిగి ఉన్నప్పుడు వెనక గుమ్మంలోంచి వచ్చేసింది. గవర్రాజు పళ్ళు బిగించుకొని గుక్కెడు నీళ్ళైనా మింగలేదు. సాయంత్రం కబురందగానే పరుగున వెళ్ళి తెచ్చుకుంది.

"గురువుగోరూ, ఒక్క సంగతి సెప్పండి," అంది ఆ తరువాత ఒకనాడు. "నా సెయ్యి కాకపోతే ఆడు తినడు. ఆణ్ణి ఒగ్గేసి నాను నిద్దరోతే, ఆ నిద్దర పాపం కాదా?"

గురువుగారు కాసేపు ఆమె నడుము వైపు చూశారు. "రేపు ఏకాహం. తమ్ముణ్ణి తీసుకురా. ఇద్దరికీ పని ఉంది," అన్నారు.

"ఆడికేటి పని?"

"వినడం."

ఏకాహమంటే ఒక సూర్యోదయం నుంచి మరుసటి సూర్యోదయం దాకా నామం తెగకూడదు. ఒక్క గొంతుతో అయ్యేది కాదు గనుక పాడేవారు వంతులవారీగా మారుతుంటారు. ఆ మారే తీరుకు మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు పాడుతున్నవాడి పక్కన, అందరికీ కనబడేలా కూర్చొని ముందు వంత అందుకుంటాడు. ఇద్దరి తాళాలూ ఒక్కటై మోగేదాకా ఇద్దరూ కలిసి పాడతారు. అప్పుడు మొదటివాడు తాళాలు ఒళ్ళో పెట్టుకొని, కాసేపు పెదవులు మాత్రం కదిపి, లేచి వెళ్తాడు. దీన్ని జోడువంత అంటాం.

గవర్రాజును స్తంభం పక్కన చాప మీద పడుకోబెట్టాం. తవిటమ్మ వెనక వంటసాలలో గుమ్మడికాయలు తరుగుతోంది. పొద్దుటి నుంచి పాడేవారు మారుతున్నారు. గవర్రాజు తల మాత్రం ఒకే ఊపున ఊగుతోంది. మధ్యాహ్నం అందుకున్న అప్పలసామి దిగనన్నాడు. పక్కన కూర్చున్నవాడు వంత అందుకోబోతే కనుబొమలతోనే అదిలించాడు. చివరికి అతని గొంతు పీలికలై, నామం నడిమధ్య తటాలున ఆగింది.

గవర్రాజు మందిరం అదిరేలా కేక వేశాడు. తవిటమ్మ కత్తిపీట వదిలి పరుగెత్తుకొచ్చింది. "ఏటైందిరా బాబూ? ఎవులేటన్నారు?" అప్పటికే పక్కవాడు తేరుకొని నామం అందుకున్నాడు. గవర్రాజు తల మళ్ళీ మెల్లగా ఊగసాగింది.

"నామం నా వల్ల తెగకూడదనే కూకున్న సోట్నుంచి నెగలేదు గురువుగోరూ," అన్నాడు అప్పలసామి బొంగురు గొంతుతో.

"అందుకే నువ్వే తెంపీసినావు మావా," అన్నారెవరో. నవ్వులు లేచాయి. అప్పలసామి కూడా నవ్వాడు, శబ్దం లేకుండా.

గురువుగారు తవిటమ్మ వైపు తిరిగారు. "పొద్దుటి నుంచి ఎందరు మారారమ్మా?"

"నాకేటి తెలుస్తాది? లోపల్నుంచి ఒక్కలే పాడతన్నట్టుంది."

"మీ వాడి కళ్ళ ముందే మారారు, అందరూ. కేక వేసింది ఒక్కసారే."

ఆమె లోపలికి వెళ్ళి మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. చాలాసేపటికి గుమ్మం దాకా వచ్చి, ఎవరితోనూ కాదన్నట్టు, "ఆ దినం నాను ఎనక గుమ్మంలోంచి వచ్చీసినాను," అంది.

వంత అంటే దుఃఖమని పాత కావ్యాల అర్థం. మా భజనలో అది వెనక పాట. ఈ రెండూ ఒక్క మాటలో ఎలా ఇమిడాయో నాకిప్పటికీ తెలియదు.

కొద్ది రోజులకే ఆమె గవర్రాజుతో మళ్ళీ సేదయిల్లు చేరింది. ఎత్తి దించడానికి నేనూ వెంట వెళ్ళాను. అక్కడ చూసుకునే మనిషి పేరు నాగరత్నం. ఈసారి తవిటమ్మ ఎప్పుడూ ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పింది: ముద్ద పెట్టేటప్పుడు తను చిన్నగా ఒక పదం పాడుతుందని, వంత ముగిసేచోట తమ్ముడు నోరు తెరుస్తాడని.

"నాకు పాట రాదమ్మా, గాడిద గొంతు," అంది నాగరత్నం.

"ఆడికీ రాదు. పాడు."

ఇద్దరూ గవర్రాజు ఎదుటే కూర్చొని కలిసి పాడారు. ముద్ద ఒకసారి ఈమె చేతి నుంచి, ఒకసారి ఆమె చేతి నుంచి వెళ్ళింది. పిమ్మట తవిటమ్మ చెయ్యి ఆగింది. పెదవులు మాత్రం కదిలాయి. ఆమె లేచి, తమ్ముడికి సూటిగా కనబడేలా నిలబడి, "ఎల్లొస్తాన్రా బాబూ," అంది. గవర్రాజు ఆమెను చూశాడు. నాగరత్నం పాట ఆపలేదు. వంత ముగిసింది, అతను నోరు తెరిచాడు.

రెండు రోజుల తరువాత అక్కాతమ్ముళ్ళు మందిరానికి వచ్చారు. తవిటమ్మ మొహం కొత్తగా ఉంది. కడిగి ఆరబెట్టిన ఇత్తడి చెంబులా ఉంది. "ఈ రెండు రోజులూ ఏం చేశావు?" అని అడిగాను.

గురువుగారు తాళాలు తుడుచుకుంటూ, తలెత్తకుండానే అన్నారు: "అడగకు. అది ఆవిడ వంతు."

చాలా కాలానికి ఆమే తనంతట తాను చెప్పింది. విని నేను కడుపారా నవ్వాను. ఆ మాటలు పొల్లు పోకుండా గుర్తున్నాయి. ఇక్కడ రాయకపోవడం మటుకు మరపు వల్ల కాదు.