కాలెట్టాకులంకకి ఆ పేరెలా వచ్చిందంటే

గోదారి మధ్యలో కాలెట్టాకులంక అని ఒకటుంది. మూడు నాలుగు తరాల కిందట వరదలో కొట్టుకొచ్చిన మేకలు అక్కడ దిగాయి. దిగిన రోజు నుంచీ పెత్తనమంతా వాళ్లదే. ఈ మధ్యే ఆ పెత్తనం పోయింది. పోయిందంటే పేరుకి పోయిందిలెండి, ఇసకతిన్నె మీద పడక మాత్రం ఇంకా వాళ్లదే.

ఆ తిన్నె నూకాలుకి కావాలి. నూకాలు తీతువు పిట్ట. తీతువులు చెట్టు మీద గూడు కట్టుకోవు, ఇసకలోనే గుడ్లు పెడతాయి. కిందటేడు పెట్టిన నాలుగు గుడ్లూ మేకల కాళ్ల కింద నలిగిపోయాయి. మళ్లీ గుడ్లు పెట్టడానికి ఇంకా పది రోజులే ఉంది. నూకాలుకి మేత సయించడం లేదు.

తగువు తీర్చడానికి ఏటా వలసొచ్చే గూడకొంగ కోటయ్య కూచున్నాడు. "ముందునుంచీ ఎవరుంటే తిన్నె వాళ్లది," అన్నాడు.

"ఇంకెవరండీ, మేమే," అన్నాడు మేకల పెద్ద గడ్డం వీర్రాజు. "మా ముత్తాత దిగేనాటికి ఇక్కడ పిట్టపురుగు లేదు. లంకకి పేరు పెట్టింది కూడా ఆయనే. కాలెత్తి ఆకు తిన్నాడు గనక కాలెట్టాకు. బళ్లో మా పిల్లలకి చెప్పేదీ ఇదే."

నూకాలు దగ్గర కాగితం లేదు, సాక్షి లేడు. కానీ వీర్రాజు సంగతి బాగా తెలుసు. పొగిడితే ఆగే రకం కాదు.

"వీర్రాజుగారూ, ఏటా మీరు మీ ముత్తాత కాలుమోపిన పండగ చేస్తారు కదా. అందులో ఆయన ఆట మీలా ఇంకెవరూ ఆడలేరంటారు. కోటయ్యగారికి ఒకసారి చూపించకూడదా?"

"చూపిస్తే పోలా," అని వీర్రాజు గడ్డం ఎగరేశాడు. "ముత్తాత ఎలా చేశాడో అలాగే చేస్తాం. ఒక్క మాట పొల్లుపోదు."

ముందుకాలు ఎత్తి, గొంతు బొంగురు చేసి అడిగాడు. "ఈ చోటి పేరేంటి?"

వెంటనే సన్నగా, కీచుగా తనే జవాబిచ్చాడు. "కాలెట్టకు, కాలెట్టకు."

ఆ మాట అంటూనే ఎత్తిన కాలు దించకుండా పక్కకి మూడు గెంతులు గెంతాడు. మేకలన్నీ తలలూపాయి.

"ఆ సన్నగొంతు ఎవరిదయ్యా?" అన్నాడు కోటయ్య.

"భూదేవిదండి. పేరడిగితే ఆవిడే చెప్పింది."

"పేరు పెట్టింది మీ ముత్తాత అన్నావు కదా?"

వీర్రాజు మళ్లీ ముందుకాలు ఎత్తి ఆట మొదటినుంచీ మొదలెట్టబోయాడు.

"సరే, భూదేవి గొంతు ఇంకోసారి విందాం."

వీర్రాజు మళ్లీ కీచుగా అరిచాడు. మరుక్షణం తిన్నె అవతల ఉన్న తీతువులన్నీ తమవాళ్లెవరో పిలిచారనుకుని అచ్చం అదే కూతతో బదులు పలికాయి.

కోటయ్య నవ్వాపుకోలేకపోయాడు. "ఒరే వీర్రాజూ, మీ ముత్తాత పేరడిగితే, గుడ్ల మీద కాలెట్టకయ్యా అని ఏ తీతువు తల్లో మొత్తుకుందిరా. ఆయన మంచివాడు, పక్కకి గెంతాడు. ఆ గెంతు కూడా మీరు మర్చిపోలేదు. ఎందుకు గెంతాడో అదొక్కటే మర్చిపోయారు. తిన్నె తీతువులది."

నూకాలుకి ఒక్కసారిగా గుండె బరువు దిగింది. వీర్రాజు మాత్రం ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలీక, మూడు కాళ్ల మీదే నిలబడి దిక్కులు చూశాడు.

"అటు దించండి, అటంతా ఖాళీయే," అంది నూకాలు నెమ్మదిగా.

చరిత్ర మొత్తం మనమే చెప్పుకున్నా, అందులో ఎదుటివాళ్ల గొంతు ఎక్కడో ఒకచోట వినబడుతూనే ఉంటుంది.