అడిగి లోపలికి రమ్మన్న పాతరమ్మ

పాతరమెట్టకు విచ్చేసే భక్తులకు ముందుగా ఒక మనవి. బస్సు దిగగానే కూడలిలో మీకొక విగ్రహం కనబడుతుంది. ఎర్రకోటు, ఈకల టోపీ, చేతిలో జెండా, కింద ‘ఈ ఊరిని నెలకొల్పిన కొర్నేలి దొరవారు’ అన్న అక్షరాలు. చూసి రండి, తప్పులేదు. నమ్మకండి, అంతే. దొరవారు ఈ ఊరిని నెలకొల్పలేదు. ఆయన వచ్చిననాడు ఎర్రకోటు మాట దేవుడెరుగు, ఒంటిమీద సరైన గుడ్డ ఉంటే గొప్ప. ఆ కథ అమ్మవారి కథతో ముడిపడి ఉంది గనుక ఉన్నదున్నట్టు ఇక్కడ చెబుతున్నాం.

కూడలి నుంచి ఏటిగట్టు వెంబడి నడిస్తే మెట్టమీద గుడి వస్తుంది. గుడికి గుమ్మం ఉంది, తలుపులు లేవు. లోపల అమ్మవారు రాతి రూపంలో, ఎడమ పక్కకు బాగా ఒరిగి ఉంటుంది. సొంత ఖర్చుతో సరిచేయిస్తామని ఏటా ఎవరో ఒక పుణ్యాత్ముడు ముందుకొస్తాడు. వద్దని చెప్పి, ప్రసాదం చేతిలో పెట్టి పంపుతాం.

పూర్వం ఇక్కడ దాలమ్మ అనే ఇల్లాలు ఉండేది. వయసు మళ్ళిన మనిషి. నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఊరి విత్తనాలకు ఆమే కాపలా. కోతలయ్యాక మేలైన వడ్లను ఏరి, మెట్టమీద గొయ్యి తీసి, గడ్డి పరిచి, అందులో పోసి పైన మట్టి మెత్తేవారు. దాన్నే పాతర అంటారు. దానిమీద పసుపు రాసిన రాయిని నిలిపి, ‘అమ్మా, చూసుకో’ అని ఆ తల్లికి అప్పగించి, వేసవంతా ఊరు ఊరంతా పిల్లాపాపలతో సముద్రపు ఒడ్డు వెంబడి చాలా దూరం చేపల వేటకు తరలిపోయేది. వెళ్ళేముందు గుమ్మాలకు అడ్డంగా గడ్డితాడు కట్టేవారు. తాళాలు ఎరుగరు. తొలకరి పడగానే తిరిగి వచ్చేవారు.

ఒక వేసవిలో కొర్నేలి దొర ఓడ గాలివానకు పగిలి, ఏరు సముద్రంలో కలిసేచోట ఇసుకలో కూరుకుపోయింది. దొరా, అతని మనుషులూ, వారి మాటలు తెలుగులో చెప్పే రాయప్ప అనే దుబాసీ ప్రాణాలు దక్కించుకుని, ఆకలితో నకనకలాడుతూ ఈ మెట్ట ఎక్కారు. చూస్తే ఇళ్ళున్నాయి, మనుషులు లేరు. ఎవరూ లేని నేలను దేవుడు తమకోసమే ఉంచాడని దొర మురిసిపోయాడు. చిరిగిన తెరచాప ముక్కను వెదురుకు కట్టి జెండాగా పాతాడు, ఊరికి తన తల్లి పేరు పెట్టుకున్నాడు. ఎవరూ లేకపోతే గుమ్మానికి తాడు ఎవరు కట్టారన్నది ఒక్కడికీ తట్టలేదు. పసుపు రాయి కింద నిధి ఉందనుకుని గునపాలతో పెకలించబోయారు. రాయి ఒరిగింది గానీ పడలేదు. కింద వడ్లు కనిపించాయి. దంచుకుని తిన్నారు.

తొలకరి పడింది. పాతర తెరిచే హక్కు తనది గనుక దాలమ్మ అందరికన్నా ముందు మెట్ట ఎక్కింది. తన ఇంటి అరుగుమీద ఎర్రగడ్డం మనిషి ఒకడు కూచుని గంజి జుర్రుతున్నాడు. ఆమెను చూసి ఏదో దర్జాగా పలికాడు.

“ఖాళీ నేలమీద ఈ ఊరిని ఆయన నెలకొల్పాడట. నువ్వెవరని అడుగుతున్నాడమ్మా,” అని రాయప్ప నీళ్ళు నములుతూ చెప్పాడు.

“నేనెవరో తర్వాత చెబుతాను. ఆయన కూచున్న అరుగు అలికిందెవరో కనుక్కో ముందు,” అంది దాలమ్మ.

దొర కిందికి చూసుకున్నాడు. అలికిన వేళ్ళ గుర్తులు ఇంకా స్పష్టంగా ఉన్నాయి.

దాలమ్మ పాతర దగ్గరికి పరుగెత్తింది. అడుగున కొద్దిపాటి వడ్లు మిగిలాయి. వెదజల్లితే ఒక మూలకైనా రావు. పంట పోయినట్టే, పంటతో పాటు ఊరూ పోయినట్టే. ఈలోగా వెనక వచ్చిన ఊరి మగవాళ్ళు ఈటెలు ఎత్తారు. ఓడ మనుషులు తుపాకులు ఎత్తారు. దాలమ్మ నడుమ కూలబడి, ఒరిగిన రాయిని ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి పట్టపగలే కునుకు తీసింది. ముసలమ్మ నిద్ర చెడగొట్టడమెందుకని రెండు పక్షాలవాళ్ళూ ఆగిపోయారు.

కలలో అమ్మవారు, చనిపోయిన దాలమ్మ అత్తగారి రూపంలో, నడుముమీద చేతులు పెట్టుకుని వచ్చింది.

“గునపంతో పొడిస్తే నేను పడ్డానా? నువ్వెందుకే పడ్డావు? వెదజల్లితే చాలవు సరే, నారు పోసి ఒక్కో మొక్కే నాటితే చాలవూ? చేతులు లేవంటావా, తిన్న చేతులు అవిగో. ముందు వాళ్ళకు అడగడం నేర్పు. నన్ను ఇలాగే ఉంచు, చూసినప్పుడల్లా గుర్తుంటుంది.”

దాలమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. ఈటెలు దించమని తన వాళ్ళను కసిరింది. తర్వాత రాయప్పతో, “అందరినీ ఇళ్ళలోంచి బయటికి రమ్మను. గుమ్మం ముందు నిలబడి ‘లోపల ఎవరున్నారమ్మా’ అని అడగమను. అడిగినవాళ్ళకు మేం లేదనం,” అంది.

దొర మూతి ముడుచుకున్నాడు. అతని మనుషులు మాత్రం తుపాకులు పక్కన పడేసి వరసలో నిలబడ్డారు. చివరికి ఆయనా వచ్చి అడిగాడు.

ఇక నాట్ల సంబరం చూడాలి. దొర బూటు బురదలో దిగబడి ఈనాటికీ దొరకలేదు. నారు తలకిందులుగా నాటినవాణ్ణి చూసి ఆడవాళ్ళు కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. అయినా నడుములు విరిగేలా నాటారు, అమ్మ దయవల్ల పంట విరగపండింది. కొత్తబియ్యపు విందు దొరే పెట్టాడని కూడా కొందరంటారు. వండింది దాలమ్మ, వడ్డించింది ఊరి ఆడవాళ్ళు. దొర చేసిందల్లా మళ్ళీ మళ్ళీ వడ్డించుకోవడమే.

కోతలయ్యాక మరో ఓడ దొరికితే దొర తన మనుషులతో ఎక్కి వెళ్ళిపోయాడు. పీడ వదిలిందన్నవాళ్ళూ ఉన్నారు. మరుసటి తొలకరికి దాలమ్మ మెట్ట ఎక్కేసరికి, ఆమె గుమ్మం బయట, కట్టిన గడ్డితాడుకు ఇవతల, దొర వానలో తడుస్తూ కూచుని ఉన్నాడు. పక్కన తాను తిన్నదానికి బదులు తెచ్చిన విత్తనపు వడ్ల బస్తా. తడవకుండా దానిమీద తన టోపీ కప్పాడు.

“ఇంత వానలో బయటెందుకు నాయనా, లోపలికి పోకపోయావా?” అంది దాలమ్మ.

“అడిగాను. ఎవరూ పలకలేదు,” అన్నాడు దొర, వచ్చీరాని తెలుగులో.

దాలమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. తాడు విప్పింది. “ఉన్నాం. రండి,” అంది.

నాటినుంచి నేటివరకు పాతరమ్మ గుడిలో ఇదే ఆచారం. తొలకరి పండగనాడు రైతులు విత్తనాలు తెచ్చి అమ్మ పాదాల దగ్గర తాకించి తీసుకుపోతారు. అలా చేసిన ఇంట గాదె నిండుగా ఉంటుందని, దారితప్పిన బిడ్డ ఇల్లు చేరుతుందని పెద్దల నమ్మకం. ఎంతటివారైనా గుమ్మం ముందు ఆగి, గుడి ఖాళీగా కనిపించినా సరే, ‘లోపల ఎవరున్నారమ్మా’ అని అడగాలి. దాలమ్మ వంశపు ఆడపడుచు ఒకరు లోపల ఎప్పుడూ ఉంటారు. అడగండి, ఆగండి. ‘ఉన్నాం, రండి’ అన్న మాట వినబడ్డాకే లోపలికి అడుగు పెట్టండి.