అందరి పేర్లూ ఉండే ఉత్తరం

తవిటయ్య గారి మఠంలో పొద్దున్నే శిష్యులంతా చేరాక ఆయన అందరినీ ఒకసారి కలయజూసి, "అందరూ బాగున్నారా?" అని పాఠం మొదలుపెట్టేవారు. విడిగా ఎవరినీ పలకరించేవారు కాదు. పొలం తమ్ముడికి అప్పగించి మరీ వచ్చిన లింగన్నకు ఇది ముల్లులా గుచ్చుకునేది. ప్రేమలో తన వాటా తక్కువైందన్న దుగ్ధ పెద్దవాళ్ళకూ ఉంటుంది, పైకి చెప్పుకోరు అంతే. లింగన్న ఒకనాడు చెప్పేశాడు.

"అయ్యా, ఇన్నేళ్ళలో నాకంటూ ఒక్క మాట మీ నోట రాలేదు. దీన్ని సమదృష్టి అనుకోవాలా, ప్రేమ లేదనుకోవాలా?"

గురువుగారు కోప్పడలేదు. తమ ఊళ్ళో జరిగిన సంగతి ఒకటి చెప్పారు.

ఆ ఊరినుంచి మిలటరీకి వెళ్ళినవాళ్ళు ఎక్కువ. హవల్దారుగా చేసి వచ్చిన గవరయ్య కొడుకు ముకుందరావు ఏకంగా కెప్టెన్ అయ్యాడు. అతని చేతికింద ఆ ఊరి కుర్రాళ్ళే నలుగురు ఉండేవారు. వాళ్ళకు ఉత్తరం రాయడమంటే బద్ధకం. అందుచేత సరిహద్దు కొండల మీదనుంచి కెప్టెన్ రాసే ఉత్తరమే అన్ని ఇళ్ళకూ ఉత్తరం. అది చేతికొచ్చినా గవరయ్య వెంటనే విప్పేవాడు కాదు. నాలుగిళ్ళకూ కబురంపి, తల్లులంతా అరుగు మీద చేరాకే చదివేవాడు. "దాలమ్మ పిన్నికి చెప్పండి, కూర్మయ్యకు దగ్గు తగ్గింది" అంటూ ఒక్కొక్కరి పేరూ వచ్చేది. ఆఖర్న "నేను క్షేమం" అని ఉండేది.

ఆ ఆఖరి ముక్క దగ్గర తల్లి పైడమ్మ మనసు చివుక్కుమనేది. కొడుకు సెలవుకి వచ్చినప్పుడు నిలదీసింది.

"అందరి కొడుకుల గురించీ రాస్తావు. నీ గురించి రాయవేటి నాయినా? కన్నోళ్ళం, మేం పరాయోళ్ళమైపోనామా?"

అతను నవ్వి, దాలమ్మ పిన్నిని చూసొస్తానని లేచాడు.

చలికాలంలో కొండల మీద కాల్పులు మొదలయ్యాయని రేడియోలో చెప్పిన కొద్ది రోజులకు మరో ఉత్తరం వచ్చింది. ఎప్పటిలాగే అందరూ చేరారు. "అమ్మా, చలికి కాళ్ళు పగిలిపోయాయి. నిద్ర పట్టడం లేదు. నువ్వు పోసే చోడంబలి గుర్తొస్తోంది. చిన్నప్పుడు నాన్న భుజాలెక్కి తీర్థం చూసింది గుర్తొస్తోంది. మిమ్మల్నిద్దరినీ చూడాలని ఉంది." కాగితమంతా ఇదే. ఇన్నాళ్ళకు నా బిడ్డ నాతో మాట్లాడాడని పైడమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటూ మురిసిపోయింది. మళ్ళీ చదవమంది.

అప్పుడు దాలమ్మ అడిగింది. "మా కూర్మయ్య సంగతి రాయనేదేటి బావా?"

గవరయ్య కాగితం తిప్పి చూశాడు. కూర్మయ్య పేరు లేదు. ఎవరి పేరూ లేదు. పోయినవాడి కబురు సర్కారు తంతిగా ఇంటికి చేరేదాకా అధికారి రాయకూడదని మిలటరీలో చేసినవాడికి తెలుసు. ముగ్గురి పేర్లు రాసి ఒక్కటి వదిలేస్తే ఆ తల్లికి తెలిసిపోతుంది. అందుకని కొడుకు అందరి పేర్లూ వదిలేశాడు. ఇక రాయడానికి అతనికి తన సంగతి తప్ప ఏమీ మిగల్లేదు.

మొగుడి మొహం చూసి పైడమ్మకూ అర్థమైంది. అరుగు మీద ఉన్న నలుగురు తల్లులలో ఎవరి కొడుకు పోయాడో తెలియదు. "మళ్ళీ చదవకు" అని ఉత్తరం లాక్కుని మడిచేసింది.

మర్నాడు తంతి దాలమ్మ ఇంటికి వచ్చింది.

దినాలు అయ్యాక పైడమ్మ కొడుక్కి జాబు రాయించింది. "నాయినా, నీ గురించి ఇంకెప్పుడూ రాయకు. ఉన్నవాళ్ళ పేర్లన్నీ రాయి, చాలు."

చెప్పడం ముగించి గురువుగారు లేచారు. లింగన్న పక్కగా వెళుతూ ఆగారు.

"రేపు కూడా అందరినీ కలిపే అడుగుతాను, లింగన్నా. నిన్నొక్కణ్ణే పిలిచే రోజు కోసం తొందరపడకు."