రెండో తాడు

బండియ్య గురువుని ఏదన్నా అడిగితే నోటితో జవాబు చెప్పడు. చేతికో పని తగిలిస్తాడు. సాయంత్రం భజనలో తత్వాలు చెప్పే మనిషే, తెల్లారితే రేవులో అలివి వలకి పెద్ద. ఆ వలని పడవ మీద తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ దింపొస్తారు. దాని రెండు కొసల తాళ్ళనీ ఒడ్డు నుంచి రెండు జట్లు లాగాలి. పడ్డ చేప అందరికీ సమానం.

ఆవేళ వల దింపి రాగానే శిష్యుడు కొర్లయ్య కడుపులోది కక్కేశాడు.

"గురువా, ఇరవై మందిమి. అందులో పదముగ్గురు ముసలోళ్ళే. మా అయ్య కాలంలో ముసలోళ్ళు నలుగురే అంట. లాగే సత్తువ తగ్గింది, చేపా తగ్గింది, వాటాలు మాత్రం తగ్గలేదు. ఇలాగైతే నా పిల్లలకేటి పెట్టను? ఇవాళ తేల్చకపోతే కుర్రోళ్ళం ఏడుగురం పక్కరేవుకి పోతాం."

గురువు తల గోక్కున్నాడు. "సరే. ఉత్తరం తాడు మీది, దక్షిణం తాడు మాది. ముందు లాగిన జట్టుకి రెండింతల వాటా."

అంతలోనే ముసలి అప్పయమ్మ కేక పెట్టింది. "నీళ్ళు నల్లబడ్డాయిరోయ్! నెత్తళ్ళు!"

వల మధ్యలో సముద్రం ఎసరులాగ కుతకుతలాడుతోంది. అంత పెద్ద చేపల మందని ఆ రేవు మూడేళ్ళుగా చూళ్ళేదు.

కొర్లయ్యకి ఒళ్ళు పొంగిపోయింది. "హైలెస్సా!" ఏడుగురూ ఇసక తవ్వుకుంటా వెనక్కి నడిచారు. తాడు పరిగెత్తుకొచ్చింది. వాళ్ళ వైపు వల అంచు ఒడ్డు తాకింది.

"గెలిచాం!" అని అటు తిరిగి చూస్తే, ముసలోళ్ళ తాడు సగం ఇంకా నీళ్ళలోనే ఉంది. వల వంకర తిరిగి ఆ పక్క నోరు తెరిచింది. చేప వెండి ధారలాగ సముద్రంలోకి జారిపోతోంది.

అప్పయమ్మ తాడు వదలకుండానే అరిచింది. "గెలిచావు కదా నాయనా, తాడు ఉడకేసుకు తిను!"

కొర్లయ్య తన తాడు ఒడ్డున పాతిన గుంజకి చుట్టేసి పరిగెట్టాడు. వెనకాలే ఆరుగురూ. వెళ్ళి గురువు వెనక తాడు పట్టుకున్నాడు. గురువు అరచేతుల తోలు లేచిపోయింది. అయినా ముసలోళ్ళు మడమలు పాతేసి ఒక్క అడుగు ముందుకి జారలేదు. జారుంటే మందంతా పోయేదే.

వల సర్దుకుంది. సగం చేప పోయినా, మిగిలిన సగమే ఇసక మీద నడుమెత్తు కుప్ప! ముసలీ ముతకా, కుర్రా కుంకా గెంతులే గెంతులు.

గురువు మొహం తుడుచుకుని, పంచే గంప కొర్లయ్య చేతిలో పెట్టాడు.

"మాటంటే మాట. మీ తాడుకి రెండు గంపలు, మా తాడుకి ఒకటి. పంచు. కానీ ఒరే, నువ్వు రెండు తాళ్ళూ లాగావు కదా. ముందు నువ్వు ఏ జట్టులో నిలబడతావో అది చెప్పు."